వెనక్కి పదడుగులు

చెంగల్రాయులన్నకి కుడికంట్లో శుక్లం తీసిన వారం
పలమనేరు రేంజి జీపు తాళాలు నా చేతిలో పడ్డాయి.
నేను కొత్త బీటు ఆఫీసరుని.
మా నాయన కూరగాయల ఆటో తప్ప ఏదీ తోలి ఎరగను.
ఆయన నల్లద్దాలు పెట్టుకుని పక్కసీట్లో కూచుని
చెవులతో బండి తోలేవాడు.

"రెండు లివర్లుండాయి గదా పాపా.
పెద్దది దినామూ పనికి.
పొట్టిదాన్ని ఊరికే పట్టుకోబాకు.
అది చుట్టాలింటికి పోవడం మాదిరి,
అవసరమైతేనే పోవాల,
పనైనాక లేచి రావాల."

మొదటిరోజే లేచి రావడం మరిచాను.
వానకు నానిన చెరకుతోటల దారిలోంచి
నాలుగు చక్రాల బలంతో బయటపడి,
ఆ బలం అట్లే ఉంచుకుని
తారెక్కి చిత్తూరు దిక్కుగా పోయాను.
మొగిలి ఘాటు మలుపుల్లో
స్టీరింగు కాడి మొయ్యనన్న ఎద్దు మెడైంది.
టైర్లు కీచుమన్నాయి.
బలం చాల్లేదనుకుని ఇంకా తొక్కాను.

"ఆపు."
దిగి, బండిని తడుముకుంటా వంగి,
గేరుబాక్సు కింద అరచెయ్యి పెట్టి
చటుక్కున తీసేసుకున్నాడు.
"దోసెపెనం.
మలుపులో ముందుచక్రాలు చుట్టు తిరిగి పోతాయి,
వెనకవి అడ్డంపడి పోతాయి.
బురదైతే ఆ తేడాని నేల మింగేస్తాది, జారి సర్దుకుంటాయి.
తారు మింగదు.
ఆ మెలికంతా షాఫ్టులోకి, పళ్ళలోకి,
నులక తాడు పేనినట్టు లోలోపలే బిగుస్తాది."

లివరు లాగాను. రాలేదు.
రెండు చేతులతో లాగాను.
"గుంజబాకు. చక్రాలు నిట్టంగా పెట్టుకో.
రివర్సులో వెనక్కి పదడుగులు పో."
పోయాను.
బండి కడుపులో ఎక్కడో టక్‌మంది.
లివరు చిటికెనవేలికే వచ్చేసింది.

ఆ వారం ఆయన చెప్పిందంతా
నా డ్యూటీ డైరీలో ఏనుగుల లెక్కల మధ్య ఉంది.
బురదలో దిగబడినాక కాదు, దిగకముందే వేసుకో.
ఆడవి రెండు, పిల్ల ఒకటి, తూర్పుగా పోయినాయి.
చక్రం ఉత్తినే తిరుగుతా ఉంటే వెయ్యబాకు, పళ్ళు రాల్తాయి.
టమోటా అరెకరం, డ్రిప్పు పైపులు నాలుగు చుట్టలు.
లో గేరుకి బండి ఆగాల, క్లచ్చి, న్యూట్రలు, ఒక ఊపిరి, అప్పుడు.
మునెమ్మ గారి నష్టపరిహారం, పాసుపుస్తకం జిరాక్సు లేదు.
దిగుడులో బ్రేకుని నమ్ముకోబాకు, ఇంజనుకి ఆనుకో.

ఆ మునెమ్మే అర్ధరాత్రి రెండింటికి ఫోను చేసింది.
"ఒంటోడు వచ్చినాడమ్మా. శెనక్కాయల్లో ఉండాడు."

కౌండిన్య గట్టు దిగకముందే ఆపాను.
టార్చి పళ్ళ మధ్య కరుచుకుని
ముందుచక్రాల హబ్బులు రెండూ తిప్పాను.
క్లచ్చి, న్యూట్రలు, ఒక ఊపిరి.
ఆయన ఏమీ అనలేదు.
బండి నిండుచూలాలు మెట్లు దిగినట్టు
నీళ్ళలోకి దిగింది.
అవతలి గట్టున బంకమట్టి. వెనకచక్రం వట్టినే తిరిగింది.
నా కాలు భయంతో ఇంకా నొక్కింది.
ఆయన వేళ్ళు డ్యాష్‌బోర్డు మీద రెండుసార్లు కొట్టాయి.
కాలు తీశాను.
వచ్చిన జాడలోనే కొంచెం వెనక్కి జారి,
మళ్ళీ నిదానంగా, నిదానంగా.

మేము పోయేసరికి ఒంటోడు లేడు.
చేలో తట్టంత గుంటలు, వాటి నిండా నీళ్ళు,
ఒక్కో దాంట్లో ఒక్కో చందమామ.
మునెమ్మ వాటిని లెక్కపెడతా ఉంది.
జిరాక్సు తీయించిందంట. కొంగులో ముడేసుకుని ఉంది.

తెల్లారుతుండగా తారు అంచుకొచ్చి ఆపాను.
ఆయన తల కిటికీకి ఆనించి గురకపెడుతున్నాడు.
లివరు కొద్దిగా బిగిసింది.
చక్రాలు నిట్టంగా పెట్టి, రివర్సు వేసి,
నోట్లోనే అడుగులు లెక్కపెట్టుకుంటూ పోయాను.
ఏడోదానికి టక్‌మంది.

గురక ఆగింది.
"ఇంకా మూడు మిగిలుండాయి,"
అన్నాడు కళ్ళు తెరవకుండానే,
"దాచిపెట్టుకో."