మూడో జల్లెడ

మర కాడి నుంచి వచ్చి ఆయన
గడప బయటే ఆగుతాడు.
రెప్పలు తెలుపు, చెవుల సందులు తెలుపు,
ముప్పై ఏండ్లకే ముసలోని మీసం.
రెండు బిందెలు గుమ్మరించుకుంటే గానీ
బిడ్డను ముట్టడు.
"ఈ దుమ్ము దానికొద్దు మే" అంటాడు.

లోపల నేను
సాంబ్రాణి పొగ ఆరకముందే
గులాబీ వాసన డబ్బా వంచి
మెడ మడతల్లో, చంకల్లో, తొడల సందున
పూస్తుంటాను.
మా అత్త హుసేనమ్మ ఇంకో గుప్పెడు పోయిస్తుంది,
తెల్లగుంటేనే గదా
బిడ్డకు నీళ్లు పోసినట్టు!

ఆ పొద్దు తాడిపత్రి ఎండ
కిటికీలోంచి ఏటవాలుగా పడింది.
డబ్బా తట్టినాను.
ఎండలో ఒక మబ్బు లేచి
నిదానంగా, తొందరేమీ లేనట్టు,
బిడ్డ ముక్కు మీదికి దిగింది.
రెండు తుమ్ములు. ఆ పైన దగ్గు.
నలభై రోజుల ఊపిరితిత్తులు
ఎంతుంటాయి?
రెండు లేత తమలపాకులంత?

సూది వేయను వచ్చిన నర్సు సలోమమ్మ
డబ్బా చూసి తిట్టలేదు.
"మీ ఆయనకు యాడ పని?"
"బలపం రాయి మరలో."
"ఇదీ ఆ రాయేనమ్మా" అనింది.
"కొన్ని చోట్ల దాని పక్కనే రాతినార పుడుతుంది.
ఏ డబ్బాలో ఏముందో
నీ కండ్లకూ కనపడదు, నా కండ్లకూ కనపడదు.
అదట్లుంచు. ఉత్త పిండైనా
పసిదాని ఊపిరిలోకి పోవాల్సిన పనేముంది?
మడతలు తుడిచి ఆరనీ. చాలు."

రాత్రి ఆయన అరచేతిలో చిటికెడు పోసినాను.
ఏమీ చెప్పలేదు.
రెండు వేళ్ల మధ్య రుద్దినాడు, కండ్లు మూసుకుని.
"మూడో జల్లెడ" అన్నాడు.
"బాగా పట్టినారు."
మళ్లా బయటికి పోయినాడు చేతులు కడుక్కోను.
చానాసేపు కొళాయి మూయలేదు.

ఈ రాతితోనే నేను అ ఆ దిద్దినాను.
సగం దిద్ది, సగం తిన్నాను.
ఆ చప్పని రుచి నాలుకకు ఇంకా తెలుసు.
రాయి మీద నాకేం కోపం?

ఇప్పుడు బిడ్డ
తన చామనచాయలోనే ఆరుతుంది
పాత నూలుచీర మీద.
మెడ మడతలో పాలవాసన, కొంచెం పులుపు.
వారం దినాలు మాట్లాడని అత్త
నిన్న పక్కన కూర్చుని,
చెయ్యి ఊరుకోక,
ఉత్త అరచేత్తోనే
వీపంతా పూసింది.