కింది దారం

పేరు ప్యూజో అట.
మా వాడల మాత్రం పూజ కారు.
హన్మకొండ పండ్ల డాక్టరు పద్దెనిమిది వేలకిచ్చిండు,
తాళంచెవితోపాటు ఒక నవ్వు కలిపి.
ముందటి సింహానికి ఒక కాలు లేకుండె,
ఎం-సీల్ తోటి నేనే పెట్టిన.

వెనక సీటు పీకేస్తే
నూటనలభై జతల యూనిఫారాలు పడుతయి.
పరకాలకు ఆటో కిరాయి లెక్కేసుకునే కొన్న,
షోకుకు గాదు.

ఉరికినంతసేపు మంచిగనే ఉంటది.
ఆగిందంటేనే రోగం.
ఎనుమాముల మార్కెట్ కాడ మిర్చి బండ్ల వరుసల
ఇరవై నిమిషాలు నిలబడ్డమా,
ముల్లు ఎర్రగీత దాటుతది.
బానెట్ సందులకెల్లి ఆవిరి, చుట్టూ ఘాటు,
తుమ్ముకుంట దిగి
నీళ్ల బాటిల్ పట్టుకుని నిలబడుడు.

జబ్బార్ భాయ్ బానెట్ ఎత్తి
చచ్చినోని మొకం చూసినట్టు చూసి దించిండు.
"చేసిన కంపెనీయే లేదక్కా,
సామాను యాడికెల్లి తేను?
కాటాకు పెట్టు. ఇనుముకు ఇప్పుడు రేటుంది."
మా ఇంటాయన రాజమొగిలి
అదే మాట అన్నంల కలుపుకుని
మూడు రోజులు తిన్నడు.

ఐతారం. దుకాణం బంద్.
టెస్టర్ బల్బు, పది నంబరు పానా, పాత కత్తెర,
టార్చి పట్టెతందుకు అక్క కొడుకు ఓదేలు.

ఫ్యాను రెక్కను వేలుతోటి తిప్పిన. తిరిగింది.
రెండు వైర్లు పీకి సీదా బ్యాటరీకి ఆనిస్తే
గుయ్యిమని లేచింది,
ఓదేలు టార్చి ఇడిసిపెట్టి దుంకిండు.
అంటే పాణం ఉన్నది.
ఫ్యూజు మంచిగున్నది.
హారన్ రిలే తీసి దీనికేసి చూసిన.
టక్కుమన్నది, గంతే.
ఫ్యాను ఎర్ర వైరుకు బల్బు పెడితే వెలిగింది.
కరెంటు వస్తున్నది.
వచ్చి ఊకుంటున్నది.

పొద్దు నెత్తిమీదికొచ్చింది.
ఓదేలు ఆకలైతుందన్నడు.
బండి నీడల కూసున్న,
నీడ గూడా మోకాళ్ల దాకనే ఉన్నది.

మట్టెవాడల మిషను నేర్పిన సరోజన టీచరు
స్కేలు చేతుల పట్టుకుని అడిగేది:
పై దారం ఉన్నది,
సూది దిగుతున్నది,
కుట్టు ఎందుకు పడ్తలేదు పిల్లా?
నేను సూదిని తిట్టేది. గుడ్డను తిట్టేది.
ఆమె వంగి అడుగు పలక జరిపేది.
బాబిన్ ఖాళీ.

లేచిన.
కరెంటు పోవుడు సరే,
మర్లి వచ్చే తొవ్వేది?
నల్ల వైరు పట్టుకుని తడుముకుంట పోయిన,
లంగా నేఫాల తప్పిపోయిన నాడాను
వేళ్లతోటి ఎతికినట్టు.
బ్యాటరీ తట్ట కింద, చీకట్ల,
రింగు చుట్టూ తెల్లగ, పచ్చగ, ఉప్పు పట్టి,
బోల్టుకు అతుక్కున్నట్టే ఉన్నది.
అతుక్కోలే.

తినే సోడా నీళ్లు పోస్తే బుసబుస పొంగింది.
గరుకు కాయితం, ఇనుము తెల్లగయ్యేదాక.
పానా మూడు చుట్లు.
ఖర్చు: సోడాకు ఐదు రూపాలు,
నా ఎడమ బొటనేలు గోరు.

రాజమొగిలి వాకిట్లకొచ్చి "ఐందా?" అన్నడు.
"తెల్వది" అన్న.
నిజంగనే తెల్వది.
నిలబడితే గద తెలిసేది.

సోమవారం మల్ల అదే మార్కెట్,
అవే మిర్చి బస్తాలు, ముందట కదలని లారీ.
ముల్లు లేస్తున్నది.
సగం. సగం మీద ఇంకింత.
ఓదేలు సీటు అంచుకొచ్చిండు,
తుమ్మొచ్చినా ఆపుకున్నడు.
టక్.
ఆ వెనకనే గుయ్యి.
ముల్లు జరసేపు ఆలోచించుకుని
ఒక గీత దిగింది.
అప్పుడు తుమ్మిండు వాడు.

గూడెప్పాడు మలుపుల
ఎడమ చక్రం కాడ ఏందో కిర్రుమన్నది.
ఇన్నా ఇననట్టే నడిపిన.
వచ్చే ఐతారం గూడా ఐతారమే.

పరకాల బడి ముందట తాళం తీసినంక
ఫ్యాను తిరుగుతనే ఉన్నది.
అటెండరు ఉరికొచ్చిండు:
"అక్కా, ఏందో బంజెయ్యలే నువ్వు!"
"ఉండనియ్యి" అన్న.
"సల్లబడినంక అదే ఆగుతది."

మూటలు సగం దించేదాక తిరిగింది.