శబ్దం వద్దన్నారు

ముందు రోడ్డును దాచేశారు.
తారు మీద మూడు లారీల మట్టి పోసి
పసుపు గీతల్ని పాతిపెట్టారు.
డిష్‌లు దించారు, ఇంటికి యాభై పౌన్లు లెక్కన.
పదకొండో నంబరాయన మ్యాచ్ ఉందని ఒప్పుకోకపోతే
ఆయన డిష్ చుట్టూ అట్టతో పొగగొట్టం కట్టారు.
మధ్యాహ్నానికి క్రాస్‌బెక్ వీధి
నూట డెబ్బై ఏళ్లు వెనక్కి నడిచి నిలబడింది.

నేను శబ్దం మనిషిని.
కర్ర చివర బొచ్చు మైకు పట్టుకుని
ఫ్రేములో పడకుండా బతకడం నా వృత్తి.

నవల లావుపాటిది, మూడు సంపుటాలు.
మిల్లు యజమాని మథనపడటానికి నలభై పేజీలు,
పాస్టరు కూతురికి రెండు ప్రేమలూ ఒక విషజ్వరమూ.
సమ్మె కట్టినవాళ్లకు ఒక్కటే మాట: గుంపు.
గుంపు గర్జించింది. గుంపు వెనక్కి తగ్గింది.
వానలో తడిసింది కూడా గుంపే.

ఆ గుంపుకి ఊళ్లోవాళ్లనే తీసుకున్నారు.
ఈనిడ్ థ్రెల్ఫాల్‌కి ఎనభై ఒకటి.
బూడిదరంగు శాలువా, రెండో వరస, ఎడమ చివర.
చెక్క అట్టల జోడు ఇస్తే కాళ్లు దూర్చి చూసి
"ఇవి రెండూ కుడివేనమ్మా" అంది బట్టల పిల్లతో.

"మీరు నోళ్లు ఆడించండి చాలు" అన్నాడు
మెగాఫోన్ కుర్రాడు.
"శబ్దం వద్దు. అరుపులు తర్వాత కలుపుతాం.
ఏమీ తోచకపోతే కూరగాయల పేర్లు అనుకోండి."

క్యారట్, క్యాబేజీ, క్యారట్, అంటోంది వీధంతా.
ఈనిడ్ పెదాలు వేరేగా కదిలాయి,
పెద్దగా, నిదానంగా, దవడ మొత్తం దిగేలా,
ఆ చివర్నుంచి ఈ చివరికి నాడె విసిరినట్టు.
నా హెడ్‌ఫోన్స్‌లో గాలి, ఎక్కడో ఒక కాకి,
బాల్కనీలో పాస్టరు కూతురి ఇస్త్రీ చేసిన దుఃఖం.
శుభ్రమైన టేకు. నా భుజం తట్టారు.

రెండో భాగం ఆదివారం రాత్రి వచ్చింది.
గురువారం నాడు, గీతల కాగితం మీద
ఓ వృద్ధాశ్రమం నుంచి ఉత్తరం:

"మేం నలుగురం పాత మిల్లు ఆడవాళ్లం.
మా చెవులు మగ్గాలు తినేశాయి.
మీ సీరియల్లో మాటలు మాకెలాగూ వినపడవు.
శాలువా ఆవిడ చెప్పిందంతా మాత్రం అందింది.
మేవిస్ ఓగ్డెన్ నవ్వీ నవ్వీ పళ్లసెట్టు ఊడిపడింది.
యజమానిని ఆ మాట అనొచ్చు, కాదనం,
కానీ టీవీలోనా?
ఆ తర్వాత ఎల్సీ కంటి సంగతి చెప్పింది.
అప్పుడు మేం నవ్వలేదు."

సీను మళ్లీ వేసుకున్నాను, శబ్దం పూర్తిగా తీసేసి.
ఇరవై మూడేళ్ల అనుభవం నాది.
ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

వెతుక్కుంటూ వెళ్తే టీ పోసింది, బిస్కెట్లు మెత్తబడ్డాయని విసుక్కుంది.
నాలుగొందల మగ్గాలు ఒక్కసారిగా ఆడే షెడ్డులో
గొంతుతో ఏం పని బాబూ అంది.
పెళ్లి కబుర్లూ, బాకీలూ, ఎవరి కడుపు పోయిందో,
అన్నీ పెదాల మీదే.
మేస్త్రీకి ఆ భాష రాదు, దక్షిణాది వాడు, మేమూ నేర్పలేదు.

ఎల్సీ ఎవరని అడిగాను.
ఆవిడ కప్పు కింద పెట్టింది.
నా మొహంకేసి చూస్తూ
చప్పుడు లేకుండా చెప్పడం మొదలెట్టింది.
ఒకచోట చెయ్యి లేచి ఎడమ కన్ను మూసింది.
ఒకచోట వేళ్లు ముడిచి డబ్బులు లెక్కపెట్టింది,
చాలా తక్కువ వేళ్లు.

రికార్డర్ ఆన్‌లోనే ఉంది, నా అలవాటు.
పదకొండు నిమిషాలు.
కెటిల్ చల్లారడం, కుర్చీ కిర్రు, బయట బస్సు.
సూది సున్నా దగ్గరే కాస్త వణికింది.

దాచడానికి ఫైలు పేరు అడిగింది యంత్రం.
గుంపు, అని కొట్టి చెరిపేశాను.
ఇంకా పేరు పెట్టలేదు.