పందికే గదా

పత్తికొండ మార్కెట్ వెనక
తెల్లారేసరికి టమేటాల గుట్ట.
కిలోకి రూపాయన్నా పలకలేదని
రాత్రి ట్రాక్టర్లు ఎత్తి పోసి
ఎనక్కి చూడకుండా పోయినారు రైతులు.
ఒకాయన మాత్రం పోలేదు,
రాయి మీద కూచోని బీడీ కాలుస్తాండాడు.

నేను రెండు గంపలతో వచ్చినా.
గట్టి కాయలే ఏరుకుంటాంటే అడిగినాడు:
"ఏరేదెందుకమ్మా, పందికే గదా!"

పందికే.
చూడిది, మా బొల్లిది.
మూడు నెలలు, మూడు వారాలు, మూడు దినాలు మోస్తాది.
గోడ మీద బొగ్గు గీతలు
నిన్నటికి తొంభై ఒకటి.

దానికి పొద్దున జొన్న చిట్టు, తవుడు,
పప్పు మిల్లులో మద్దిలేటి
జల్లెడ కింద ఊడ్చి పెట్టే కందిపొట్టు,
నాలుగిండ్ల కుడితి.
ఊరు వద్దనుకున్నదంతా
దాని కడుపులోకి పోయి
గిట్టో, చెవో, తోకో అవుతాది.

పోయినేడు వానకు తడిసిన బుడ్డల చెక్క
సగం ధరకే ఇచ్చినాడు నూనె మిల్లు షావుకారి.
"పందికే గదా" అన్నాడు ఆయన గూడా.
నేనూ అనుకున్నా.
పచ్చగా పట్టిన బూజు దులిపి పెట్టినా.
డెబ్బయ్యో దినం ఈసుకపోయింది.
ఎనిమిది.
వెంట్రుక మొలవనివి, కండ్లు తెరవనివి,
అరచేతిలో పట్టేంత.
మా సుంకన్న గుంత తీస్తా తీస్తా
"అన్నిటికీ ఒకటేనా?" అని అడిగి
నేను చెప్పకముందే ఇంకొంచెం లోతు తీసినాడు.
బొల్లిది రెండు దినాలు
ఆ మట్టిని ముట్టెతో తోడబోయింది.
తాడేసి కట్టినాము.

ఈ యేడు మిల్లులో, తక్కెడ పక్కన్నే,
చెక్క విరిచి వాసన చూసినా.
నమ్మకం చాలక నోట్లో ఏసుకోని నమిలినా.
గుమాస్తాలు నవ్వినారు.
చేదు.
తూకం రాళ్ళ పక్కన ఉమ్మేసినా.
షావుకారి ఏమీ అనలేదు.
లోపలి మూట విప్పమని
కండ్లతోనే చెప్పినాడు.
ధర మాత్రం పూర్తిగా తీసుకున్నాడు.

ఇదంతా ఆ రైతుకు చెప్పలేదు.
"చూడిదప్పా" అన్నానంతే.
బీడీ ఆర్పి దిగొచ్చినాడు.
ఒక కాయ తీసి, తువాలుకు తుడిచి,
నొక్కి చూసి, నా గంపలో ఏసినాడు.
ఇంకోటి. మళ్ళీ ఇంకోటి.
అమ్మకానికి ఏరినట్టే ఏరుతాండాడు.

"ఎప్పుడు ఈనుతాది?"
"ఇంగా ఇరవై మూడు దినాలు."
ఏళ్ళ మీద లెక్కేసుకున్నాడు.
"నా ఆఖరి కోత గూడా అప్పటికే" అన్నాడు.
"గంపలు ఎక్కువ తెచ్చుకో."
నవ్వలేదు.