టిక్కు

కరోనా రెండో ఏడు, వైనతేయకి ఎర్రనీళ్ళు.
పంటు కట్టేసేరు. నావ సరంగు దాటనన్నాడు.
మందు పెట్టె ఒళ్ళో పెట్టుకుని
రేవులో మూడు గంటలు కూర్చున్నాను.
ఐసు కరిగి చీర తడిసింది.
ఫోనులో పైనుంచి ఒకటే మాట:
మీ సచివాలయం ఒక్కటే వెనకబడింది,
సాయంత్రానికి నూటికి నూరు కావాలి.

లంకలో మిగిలినవి పదకొండు పేర్లు.
పదకొండు టిక్కులు పెట్టేను.
ఏడోది నేలపూడి ఏసోబుది.
మూడు నెలలకి
ఆ అబద్ధానికి రెండో డోసు కూడా వేసేను.

అతనెలాగూ వేయించుకునేవాడు కాదు.
నా కేక వినపడితే చాలు
కొబ్బరి రాశి వెనక్కి పోయేవాడు.
ఒకసారి డొక్కల గుట్టలోంచి పాదాలు మాత్రం కనపడ్డాయి.
"ఏసోబు లేడండీ" అన్నాయి పాదాలు.
నవ్వేను.
వాళ్ళ తమ్ముడికి చిన్నప్పుడు
జ్వరానికి ఎవరో సూది పొడిస్తే కాలు చచ్చుపడింది.
అది రాసుకోడానికి నా రిజిస్టర్లో గడి లేదు.

నాలుగేళ్ళకి
అతని ఎడం చేతిలో నరాలు కలిపి కుట్టేరు.
వేలు ఆనిస్తే
దూరంగా మోటారు బోటు పోతున్నట్టు
సన్నగా జుమ్మంటుంది.
వారానికి మూడుసార్లు అమలాపురం,
మిషను పక్కన నాలుగేసి గంటలు.
గునపానికి రోజూ వెయ్యి కాయ వలిచినవాడు
చుట్టూ ఏరున్న ఊళ్ళో
గ్లాసుతో కొలుచుకుని నీళ్ళు తాగుతాడు.

కాకినాడలో కిడ్నీ కోసం జాబితా.
తోడు నేనే వెళ్ళేను.
డాక్టరమ్మ మంచిదే, ఓపిగ్గా చెప్పింది:
కొత్త కిడ్నీ నిలవాలంటే ఒంటి కాపలా తగ్గించాలి,
అప్పుడు చిన్న దగ్గు కూడా దొంగలా దూరుతుంది,
అందుకే ముందు టీకాలు.
పోయినవాళ్ళ ఇంటివాళ్ళు ఇచ్చేది ఒక్కటి,
అడిగే చేతులు వందలు,
పారేసుకోలేం కదా.
కాదనడానికి నాకు మాట దొరకలేదు.

"వేయించుకున్నారా?"
"లేదండి."
కంప్యూటరు చూసి నవ్వింది.
"రెండూ పడ్డాయి. మర్చిపోయారు."
ఏసోబు నా వైపు చూసేడు.
కోపంగా కాదు,
కాయల లెక్క తేడా వచ్చినప్పుడు
మేస్త్రీ వైపు చూసినట్టు.

బయట బెంచీ మీద అంతర్వేది పిల్ల, ఓలేటి సుజిత.
పందొమ్మిదేళ్ళు, అదే జబ్బు.
రెండు సూదులూ నిజంగానే పొడిపించుకుంది,
పక్కింటాయన ఫోను నంబరు మీద.
ఆయనిప్పుడు మస్కట్లో ఉన్నాడు, నంబరు ఎవరిదో.
కాగితం తెచ్చేదాకా పేరు పక్కన పెట్టేరు.
పొడిచిన చేతికి కాగితం లేదు,
పొడవని చేతికి ఉంది.

నేను నోరు మూసుకుంటే అతని వరస అతనికుంటుంది.
తెరిస్తే మళ్ళీ మొదట్నించీ.
బస్సు యానాం దాటి వంతెన ఎక్కింది.
కిటికీలోంచి గోదారిని చూస్తూ అతనే అన్నాడు:
"ఎవరింటి మనిషిదో నర్సమ్మా.
ఏడుత్తా ఇత్తారు కదండి.
ఆళ్ళకి దొంగ కాయితం చూపిత్తామా?"
ఎదుర్లంక వచ్చేక
"మీ ఉద్యోగం పోద్దాండి?" అన్నాడు.

రాత్రి ఉత్తరం రాసేను.
ఒక్క పేరుతో ఆపుదామనుకుని
పదకొండూ రాసేను.
అందులో ఇద్దరు ఇప్పుడు లేరు.
ఎందుకు పోయేరో వాళ్ళ కాగితం చెప్పదు.
వాళ్ళకి రెండూ పడ్డాయి.

గురువారం ఉపకేంద్రంలో కుర్చీ వేసేను.
ఎడం చెయ్యి చాపబోయి
"ఇది మిషను చెయ్యండి" అని కుడిది ఇచ్చేడు.
అరచెయ్యంతా వలుపు కాయలు, ఇంకా మెత్తబడలేదు.
కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.
పాదాలు మాత్రం, ఈసారి, కదల్లేదు.

నమోదు చెయ్యబోతే తెర మీద:
ఈ వ్యక్తికి ఇప్పటికే వేయబడినది.
మళ్ళీ నొక్కేను. ఇప్పటికే.
మళ్ళీ. ఇప్పటికే.

దూది ఒత్తుకుంటూ
నా భుజం మీంచి తొంగిచూసి అడిగేడు ఏసోబు:
"మరి ఇందాకటిది
ఎవరికేసేరండి?"