మైనస్ ముప్పైలో కిటికీ

డాఫిన్‌కి ఉత్తరంగా మా కొట్టం.
అక్టోబరులో తలుపు మూస్తే మళ్ళీ మార్చికే.
లోపల నలభై చూడి గుర్రాలు,
ఒక్కోదాని వెనక ఒక రబ్బరు సంచి, ఒక గొట్టం,
గొట్టం చివర ఒక డబ్బా.

మా అమ్మ పరస్కా తెల్లారగట్ల నాలుగింటికి
ఆ మూత్రం డబ్బాల మూతలు బిగించి
ఒక్కతే లారీకెత్తేది.

"ఏం చేస్తారమ్మా దీంతో?"
నాకప్పుడు ఎనిమిదేళ్ళు.
"పట్నం ఆడవాళ్ళకి మాత్రలు."
"జబ్బా వాళ్ళకి?"
"వయసు" అంది.
ఆ మాటకీ మూత బిగించేసింది.

ఆ చలికాలమే
అమ్మ రాత్రిళ్ళు కిటికీ తెరవడం మొదలెట్టింది.
బయట మైనస్ ముప్పై.
గౌను గుండీలు విప్పుకుని
మంచు వైపు మెడ చాపి నిలబడేది.
అప్పుడే ఆపిన ఇంజను మీంచి లేచినట్టు
ఆమె వీపు మీంచి ఆవిరి లేచేది.
"కట్టెలు మీ పుట్టింటి నుంచి వస్తున్నాయా?"
నాన్న చీకట్లోంచే అరిచేవాడు.
దుప్పటి సందులోంచి చూస్తూ నేను
అమ్మకి పిచ్చెక్కుతోందనుకున్నాను.
ఆదివారం ఫాదర్ గారు
ఇంకో ప్రార్థన ఎక్కువ చెయ్యమన్నాడు.

బీట్‌రూట్ పులుసు ఒలికిందని
అమ్మ గంటసేపు ఏడ్చిన రోజు గుర్తుంది.
గరిటెని ఏమంటారో మరిచిపోయి
గాలిలో చేత్తో తిప్పి చూపించిన రోజూ గుర్తుంది.
మేం నవ్వాం.
అరవయ్యో ఏట మంచు మీద జారితే
మణికట్టు ఎండుపుల్లలా విరిగింది.
తర్వాత తుంటి.
తర్వాత ఇంక లేవలేదు.

నాకిప్పుడు యాభై ఒకటి.
విన్నిపెగ్‌లో సిటీ బస్సు నడుపుతాను.
మొన్న పోర్టేజ్ అవెన్యూ మలుపులో
పోర్టేజ్ అన్న మాటే నోటికి రాలేదు.
పద్దెనిమిదేళ్ళుగా రోజూ తిరిగే మలుపు.
మెడ కింద ఎవరో కుంపటి రాజేసినట్టు
ఒళ్ళంతా భగ్గుమంది.
నలుగురు ప్రయాణికులు నా మొహం చూశారు,
నేను సిగ్నల్ చూశాను.

డాక్టర్ ఫ్రీసెన్ తొందరపడే మనిషి కాదు.
ఈస్ట్రోజెన్ బిడ్డల కోసమే అనుకుంటాం, అంది.
ఎముకలో సున్నం జారకుండా కాపలా కాసేది అదే,
రక్తనాళం బిరుసెక్కకుండా చూసేదీ,
నిద్రకి తలుపు దగ్గరగా వేసేదీ.
ఇన్నాళ్ళూ జీతం అడగలేదు, అందుకే తెలీలేదు.
చెప్పాపెట్టకుండా మానేసిందనుకో,
ఇల్లంతా ఒక్కసారే బయటపడుతుంది.

రొమ్ముల గురించి అడిగింది, కాళ్ళలో రక్తం గడ్డల గురించి,
మా వంశంలో ఎవరు దేంతో పోయారో అడిగింది.
అందరికీ పడదు, నీకు పడొచ్చు, అని
బొటనవేలి గోరంత ప్లాస్టరు రాసిచ్చింది,
వారానికి రెండు, బొడ్డు కింద.

"గుర్రాలదేనా?" అన్నాను.
"కాదు కాదు, దుంపల్లోంచి, సోయాలోంచి తీస్తారు."
హమ్మయ్య అనుకోవాలి కదా.
ఎందుకో నా చెయ్యి
కొట్టంలో మూడో గడిలోని జోర్యా నుదురు వెతుక్కుంది.

జోర్యా ఒంటినిండా పొంగిపొర్లిందీ
మా అమ్మలో అడుగంటిందీ ఒకటే.
మధ్యలో ఉన్నది ఒక్క డబ్బా.
ఎన్ని వందలు మోసిందో,
ఒక్క మాత్రైనా తనకి అడగొచ్చని
ఆమెకి ఎవరూ చెప్పలేదు.
ఆమెకి తెలిసిన వైద్యం కిటికీ.

ప్లాస్టరు పట్టు దొరకడానికి వారాలు పడుతుందట.
నిన్న రాత్రి రెండింటికి మళ్ళీ మంట.
నేను కాళ్ళు కిందపెట్టేలోపే
వాల్టర్ లేచాడు.
ఏమీ అనలేదు.
పైజమా మీద చలికోటు తొడుక్కుని
టోపీ చెవుల మీదికి లాక్కుని
వెళ్ళి కిటికీ తెరిచాడు.