ఖాళీ వరుస

క్లాక్స్‌విక్ రేవులో రాత్రి రెండున్నర.
కింద గోదాంలో మంచుపెట్టెల మోత ఆగింది.
కాఫీ మూడోసారి వేడిచేసి
మూడోసారీ మర్చిపోయాను.

పడవలకు ఆటుపోట్ల లెక్క పంపే ప్రోగ్రాం నాది.
ఏ జలసంధిలో ఏ గంటకు నీరు ఎటు మళ్లుతుందో
అంకె అంకెకూ ఓ తొడుగు,
తెరిచిన ట్యాగుకల్లా ఓ మూత.
ఎక్స్ఎంఎల్‌లో ఒక్క కుట్టు ఊడలేదు,
నాలుగుసార్లు తడిమి చూశాను.

అయినా ఓలవర్ ఫోను, వెనక ఇంజను దగ్గు:
"రణ్‌వా, అంకెలన్నీ ఒకదాన్నొకటి తొక్కుకుంటున్నాయి.
నీరు ఎప్పుడు తిరుగుతుందో ఇందులో ఎక్కడ వెతకను?
మా ఊరి పేరు కూడా చెడగొట్టావ్."

వాళ్ల ఊరు వీయరాయి.
రాతలో రెండుచోట్ల
అడ్డగీత తగిలించుకున్న ఓ అక్షరం ఉంటుంది.
మాలో ఎవరూ దాన్ని పలకరు.
పలకకపోయినా, అది లేని ఊరికి ఎవరూ ఉత్తరం రాయరు.
ఇప్పుడు ఆ రెండుచోట్లా పిచ్చిగీతలు.

పంపినదాన్ని విప్పి చూశాను.
లోపల సరుకు నాదే.
పైన చీటీ మాత్రం: టెక్స్ట్, హెచ్‌టిఎంఎల్.
పడవలోని యంత్రానికి చీటీయే వేదవాక్కు.
వెబ్ పేజీ అనుకుంది,
తెలియని ట్యాగుల్ని తొక్కల్లా ఒలిచి పారేసి
మిగిలిన గింజల్ని కుప్పపోసింది.

కానీ నేను రాశానే!
నాలుగో వరుసలో, నా చేత్తోనే:
కంటెంట్ టైప్, అప్లికేషన్, ఎక్స్ఎంఎల్,
పక్కనే యుటిఎఫ్ ఎనిమిది.
రాసిన మాట ఎక్కడ రాలిపోయింది?

మా మార్యున్ అత్త కింద చేపలు సర్దుతుంది.
పెట్టె బెల్టు మీద కదిలాక చీటీ తెచ్చినవాణ్ణి
తిట్టదు, ఊరికే చూస్తుంది.
ఆ చూపు గుర్తొచ్చి
ఫైలు పైకంటా వెళ్లాను.

ప్రోగ్రాం మొదలయ్యే గుర్తుకు పైన
ఒక ఖాళీ వరుస.
గురువారం ఎప్పుడో వేలు జారి నొక్కినది.
లాగ్‌లో హెచ్చరిక పడే ఉంది, చదవలేదు.
నాకది ఏమీ కాదు,
సర్వర్‌కు అదే మొదటి మాట.
నోరు తెరిచేశానని
తన అలవాటు చీటీ అంటించి పంపేసింది.
నేను నాలుగో వరుసకొచ్చేసరికి
పెట్టె నీళ్ల మీద ఉంది.

మౌనాన్ని మౌనమనుకోవడం మనుషులకే చెల్లింది.

ఒక్క మీట నొక్కాను.

మళ్లీ ఓలవర్:
"వచ్చింది. నాలుగూ ఇరవైకి మలుపు.
ఊరు కూడా ఊరిలా ఉంది. ఏం చేశావ్?"
"ఏమీ లేనిదాన్ని తీసేశాను."
"నిద్రపో పిల్లా" అని పెట్టేశాడు.

కాఫీ చల్లగానే తాగాను.
కిటికీలో ఒక పడవ దీపం
నీరు తిరిగేదాకా ఆగి ఉంది.